పాక వంతు

తాటాకు కప్పు ఎంత ఒత్తుగా వేసినా మూడో వానాకాలానికి కారడం మొదలుపెడుతుంది. గోదావరి డెల్టాలో వానొక్కటే కాదు, గాలి కూడా ఉంది. కార్తీకానికి అటూ ఇటూ తుఫాను పట్టిందంటే కప్పు లేచి పక్క చేలో పడుతుంది. అందుకని ఊరి నాటక సమాజానికి సొంత పాక ఉందంటే, తాటాకు, వెదుర్లు, కొబ్బరి తాడు, కప్పేవాళ్ల కూలి మూడేళ్లకోసారి ఎక్కణ్ణుంచో పుట్టాలన్నమాట. పెట్రోమాక్స్ లైట్లకి కిరసనాయిలు, మాంటిళ్లు సరేసరి. హార్మోనియం తిత్తి చిరిగితే అతుకు వేయించాలి. రిహార్సల్స్ జరిగే నెలరోజులూ హార్మోనిస్టుకీ, పట్నం నుంచి స్త్రీపాత్రకి వచ్చినావిడకీ రెండు పూటలా భోజనం పెట్టాలి. చందాలతో ఇవన్నీ గడవవు. పండగ ఊపులో రాసిన చందా శివరాత్రి దాటినా వసూలు కాదు.

ఆ పాకల్ని నిలబెట్టింది వంట. ధనుర్మాసం ముగిసే రోజుల్లో అరిసెలు, వైశాఖంలో ఆవకాయ పాక దొడ్లో ఉమ్మడిగా పడేవి. బియ్యం, బెల్లం, నూనె ఎవరివి వాళ్లే తెచ్చుకునేవారు. పొయ్యి, మూకుళ్లు, రోళ్లు, చేతులు మాత్రం ఉమ్మడి. అయినదాంట్లో కుంచానికి సోల చొప్పున పాకకి తీసిపెట్టాలి, దాన్నే పాక వంతు అనేవారు. కుంచానికి 4 మానికలు, మానికకి 2 తవ్వలు, తవ్వకి 2 సోలలు కనక లెక్క పదహారింట ఒకటి. పదింట ఒకటి అడిగితే గొణుగుతారు, ఇరవయ్యింట ఒకటైతే పాక గడవదు.

ఇక్కడ కొలత గొడవ ఒకటుండేది. ఏ ఇంటి కుంచం ఆ ఇంటిదే, ఒకటి సొట్టపోయి ఉంటుంది, ఒకటి అడుగు మార్పించి లోతు తగ్గి ఉంటుంది. పైగా ఒకరు గోపురంలా పోస్తారు, ఒకరు తల కొట్టి కొలుస్తారు. అందుకే పాకకి సొంత కుంచం ఒకటి, సోల ఒకటి ఉండేవి. లోపలికొచ్చే బియ్యమూ బయటికెళ్లే వంతూ వాటితోనే, తల కొట్టే కొలవాలి. ఈ ఒక్క నియమం పాటించని ఊళ్లలో రెండో ఏడాదికే ఉమ్మడి వంట ఆగిపోయేది.

వంతు ఇస్తున్నామని ఎవరూ దానం చేసినట్టు అనుకునేవారు కాదు. అరిసెలు ఒక్క చేతి మీద అయ్యే పని కాదు మరి. పాకం చూసేవారొకరు, పిండి పోసేవారొకరు, తెడ్డు తిప్పేవారొకరు, గుండిగ కదలకుండా చెవులు పట్టుకునేవారొకరు. తర్వాత తట్టేవారు, నూనెలో వేసేవారు, తీసి నొక్కేవారు. మొత్తం ఏడుగురు. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాక ఒక్క ఇంట్లో ఏడుగురు ఆడవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆ చేతులకి బదులుగా సోల ఇవ్వడం ఎవరికీ బరువనిపించలేదు.

పొయ్యి సంగతి. పదిమందికి వండే గాడిపొయ్యికి మామూలు కొలత: 4 మూకుళ్లకి 8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. డెల్టా నేలలో ఈ లోతు కుదరదు. పుష్యమాసంలో కాలువ నిండుగా పారుతుంటుంది, చుట్టూ రెండో పంట దాళ్వాకి దమ్ము చేసిన చేలు, అడుగు తవ్వేసరికి చెమ్మ ఊరుతుంది. తడి గాడిలో కట్టె మండదు, పొగే వస్తుంది. అందుకని ముప్పావు అడుగు మాత్రం తవ్వి, మిగతా ముప్పావు అడుగు రెండు పక్కలా ఇటుకలు పేర్చి బురదమట్టితో మెత్తేవారు. ముందురోజు రాత్రి కొబ్బరి డొక్కలు నింపి అంటించి వదిలేస్తే తెల్లారేసరికి గాడి లోపల పెంకులా గట్టిపడేది.

ఆ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి గాడి నోరు అటే ఉండాలి, పొయ్యి మాత్రం పాకకి నైరుతి మూల, 30 అడుగుల దూరాన. అప్పుడు నిప్పురవ్వ లేచినా కప్పు మీదికి పోదు. ఎండు కొబ్బరాకు పొయ్యి దరిదాపుల్లోకి రానిచ్చేవారు కాదు, అది భగ్గున మండి, కాలిన రేక గాల్లో తేలిపోతుంది. మూకుడు కింద సరుగుడు కట్టెలే, మంట నిలకడగా ఉంటుంది. పాకానికి కొబ్బరి మట్టలు చాలు. నీళ్లతో నింపిన గంగాళం, పక్కనే రెండు తడి గోనెలు ఎప్పుడూ ఉండాల్సిందే.

అరిసెల బియ్యం ముందురోజు పొద్దున్నే నానపోయాలి, సాయంత్రం నీళ్లు మార్చాలి. మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది, అది బెల్లం కూడా కప్పలేదు. మర్నాడు వడేసి, నీడలో గుడ్డ మీద అరగంట ఆరబోయాలి. గింజ పైన నీరు కనపడకూడదు, కొరికితే మధ్యలో పలుకు తగలకూడదు. దంచి, సన్నజల్లెడ పట్టి, పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి. ఆరిపోయిన పిండి పాకాన్ని పీల్చేసి అరిసెని బీటలు పెడుతుంది. ఒక్కో ఇంటి బియ్యం ఒక్కో గంటకి దంపుడుకి రావాలని వరస రాసిపెట్టుకునేది ఇందుకే. ఎవరైనా ముందే దంచి తెచ్చి ఎండలో పెట్టుకు కూర్చుంటే వాళ్ల అరిసెలు రాళ్లే.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బెల్లం చితక్కొట్టి, మునగడానికి కూడా చాలనన్ని నీళ్లు, కిలోకి ఒక గ్లాసుడు, పోసి కరగనిచ్చి వడగట్టాలి. బెల్లంలో ఇసుకా, చెరుకు పిప్పీ తప్పకుండా ఉంటాయి. మళ్లీ పొయ్యెక్కించాక పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని చుక్క చుక్క వేసి చూడటమే.

"పాకం వచ్చిందాండీ, పిన్నిగారూ?"

"ఎక్కడమ్మా, వేలికి అంటుతుంది గానీ ఉండ అవ్వట్లేదు. పిండి పట్టుకుని నుంచో, అడగ్గానే పొయ్యాలి."

నీళ్లలో పడ్డ చుక్క చెదరకుండా, వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండయి, వదిలితే కాస్త జారగిలాలి. అది అరిసె పాకం. ఉండ పళ్లేనికి కొడితే టక్కుమందంటే పాకం ముదిరినట్టే. లేతపాకంతో కలిపిన చలిమిడి నూనెలో విచ్చుకుని అడుగున రవ్వలా పరుచుకుంటుంది, లేదా నూనంతా తాగేస్తుంది. ముదురుపాకమైతే నాలుగో రోజుకి పన్ను విరుగుతుంది. పాకం దించిన తర్వాత నువ్వులు, యాలకుల పొడి, గరిటెడు నెయ్యి వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. చివర్లో గుప్పెడు పిండి, గరిటెడు పాకం ఎప్పుడూ విడిగా ఉంచుకునేవారు. ముందు రూపాయి బిళ్లంత చలిమిడి నూనెలో వేసి చూస్తారు. విచ్చితే గుప్పెడు పిండి కలుపుతారు, బిగుసుకుంటే పాకం కలుపుతారు. పండగల్లో అరిసెలు పాడయ్యాయని విన్న ప్రతిచోటా ఈ చిన్న పరీక్ష ఎగ్గొట్టి ఉంటారు.

మంట మధ్యస్థంగా ఉండాలి. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. తేలిన అరిసెని తిప్పి, తీసి, చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. కారిన నూనె మళ్లీ మూకుట్లోకే పోతుంది. నొక్కినవాటిని శుభ్రమైన ఎండుగడ్డి పరిచి దాని మీద ఆరబెట్టేవారు, మిగిలిన నూనె గడ్డి పీల్చుకుంటుంది. కిలో బియ్యానికి అరచేతంతవి 40 దాకా వస్తాయి. 8 కిలోల ఇంటికి 320, అందులో పాకకి 20. నెలరోజుల పాటు నిలవుండే సరుకు కనక పాక వంతులో సగం తీర్థాల్లో అమ్మకానికి, సగం రిహార్సల్స్‌కి వచ్చేవారికి ఫలహారానికి.

దంపుడు దగ్గరే తాళం కూడా నేర్చుకునేవారంటే ఇప్పటివాళ్లు నమ్మరు. ఒక రోట్లో ఇద్దరు దంచితే రెండు దెబ్బలు, మూడో మనిషి రోకలందుకుంటే మూడు దెబ్బల తిస్రం. మూడో దెబ్బ రెప్పపాటు ఆలస్యమైతే రోకలీ రోకలీ ఢీకొంటాయి. అంతకంటే కచ్చితంగా లయ నేర్పిన మాస్టారు లేడు. రోకటిపాటలు పాడే గొంతులు పగలు దొడ్లో, పద్యాలు పాడే గొంతులు రాత్రి పాకలో. మధ్యలో పిల్లలు రెండూ వింటూ తిరిగేవారు. వాళ్లలోంచే తర్వాత బాలనటులూ, తబలా కొట్టేవాళ్లూ తయారయ్యేవారు. పద్యం ఎత్తుకున్నప్పుడు రాగం ఎంత సాగదీసినా మళ్లీ పాదం మీద పడాలన్న స్పృహ వాళ్లకి విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

వంటా వేషమూ ఒకే దొడ్లో ఉంటే ఒక ప్రమాదముంది, దాన్ని మాత్రం పెద్దలు కఠినంగా చూసేవారు. మొహానికి పూసే అర్దళం విషం, అందులో పాషాణముంటుంది. తెల్ల సఫేదా కూడా నోట్లోకి పోకూడనిదే. రంగుపెట్టె పాకలో తూర్పు గోడకి, తాళంతో. రంగు కలిపిన చేతులకి కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆపైన కుంకుడు రసంతో కడిగితే తప్ప చలిమిడి ముట్టుకోనిచ్చేవారు కాదు. రంగులు కలపడానికి కొబ్బరి చిప్పలు వాడేవారు, ఆట అయ్యాక వాటిని పాతిపెట్టేవారు. పొయ్యిలో వేస్తే ఆ పొగా మంచిది కాదు.

పూతరేకుల్ని మాత్రం ఈ ఉమ్మడి వంటలోకి ఎవరూ తేలేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ఒక కుండ, ఒక మనిషి, ఒక చెయ్యి. బోర్లించిన కుండ పక్కన కన్నంలోంచి ఎండు కొబ్బరాకు మంట, మజ్జిగంత పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి కుండ మీద పరిచి లాగితే రేకు లేచి వస్తుంది. పక్కన నిలబడినవాళ్లు చేసేదేమీ ఉండదు. అమ్ముకునేవాళ్లకి అంతకన్నా మంచి వంట లేదు గానీ, మనుషుల్ని పోగేసే వంట కాదది.

జల్లెడ మీద మిగిలిన తడి రవ్వ పారేసేవారు కాదు. అదే తెరలకి గంజి. నాటక సమాజానికి కనీసం నాలుగు తెరలుండాలి: దర్బారు, వీధి, అడవి, అంతఃపురం. ముతక గాడా గుడ్డ పన్నాలు కుట్టి, రెండు కొబ్బరి చెట్ల మధ్య వెదుర్లకి బిగించి కట్టాలి. రవ్వ ఆ రోజే వాడాలి, మర్నాటికి పులుస్తుంది. ఒక వంతు రవ్వ మెత్తగా రుబ్బి, పది వంతుల నీళ్లలో కలిపి, అడుగంటకుండా కాచితే పల్చటి గంజి. మొదటి పూత పల్చగా, ఆరాక రెండో పూతలో సుద్దపొడి కలిపి. గంజి పూయని గుడ్డ రంగుని పీల్చేస్తుంది, వెనక దీపముంటే అవతలివాళ్లు కనపడతారు. గంజి మరీ చిక్కనైతే తెర చుట్టినప్పుడు బొమ్మ పెచ్చులూడుతుంది. పగలకుండా కాస్త బెల్లంనీళ్లు కలపమనేవాళ్లు కొందరుండేవారు. పగలదు, నిజమే. చీమలు పడతాయి.

రంగుల్లో ఎరుపుకి జేగురు, పసుపుపచ్చకి పసుపుమట్టి, నీలానికి నీలిమందు. వంటింటి పసుపు వాడితే ఆ దర్బారు స్తంభాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోయేవి, పసుపు ఎండకి ఆగదు. నలుపుకి దీపం మసి. మూకుడు అడుగున పట్టిన మసి పనికిరాదు, అందులో జిడ్డుంటుంది. దీపం మసి కూడా నీళ్లలో వేస్తే పైన తేలుతుంది, ముందు తుమ్మబంక నీళ్లతో ముద్దలా నూరుకుని అప్పుడు పల్చన చేయాలి. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి రాత్రంతా ఉంచితే పొద్దుటికి చెంచాడు మసి వచ్చేది. అడవి తెరలో చెట్ల మొదళ్లకి అలాంటి రాత్రులు చాలానే కావాలి.

మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు వచ్చేది. గింజలు తీయడం కూడా పాక అరుగు మీదే, పిక్కలు పాకకి. ఇసుకలో వేయించి, పైపొట్టు పగిలాక దంచి చెరిగి, పప్పు రాత్రంతా నానబెట్టి, వెన్నలా రుబ్బి, పదింతల నీళ్లలో కలిపి కాస్తే అద్దంలా మెరిసే బంక. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు, ఆ గిన్నె మళ్లీ వంటకి వెళ్లకూడదు. కిరీటాలూ భుజకీర్తులూ ఈ బంకతోనే. తలకి సరిపడే కుండ బోర్లించి పాత కాగితం పొరలు పొరలుగా అతికించాలి, ఆరేడు పొరలు. ఒక పొర పూర్తిగా ఆరందే రెండోది వేస్తే మధ్యలో బూజు పట్టి, సరిగ్గా రాజుగారు ఆగ్రహించే ఘట్టంలో కిరీటం రెండు ముక్కలవుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్లు రంపపు పొట్టుతో మక్కు కలిపేదీ ఈ చింతపిక్కల బంకతోనే. కనుమనాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వెళ్లే కోనసీమలో కట్టు, రంగు, అతుకు తెలిసిన చేతులు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. ప్రభ ఊరేగించే భుజాలు, కౌశిక నీళ్లలో దిగే కాళ్లు అందరూ చూస్తారు. దానికి ముందు జరిగే పని మాత్రం ఇలాంటి అరుగుల మీదే.

పట్నాలకి నాటకమూ చిత్రశాలా లేకపోలేదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. 1925లో 27 ఏళ్లకే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట అక్కడ చిత్రశాల ఉంది. పల్లెకి చిత్రశాలా రంగస్థలమూ కలిపి ఒక్క పాకే.

గిన్నెల లెక్క లేకపోతే ఎంత స్నేహమైనా నిలవదు. ఇళ్ల నుంచి తెచ్చిన ప్రతి పళ్లేనికీ గుండిగకీ అంచున పేరు చెక్కించి ఉండాలి, లేనివాటికి సున్నంతో గుర్తు పెట్టేవారు. ముక్కనుమ నాడు గిన్నెలన్నీ అరుగు మీద బోర్లించి, పుస్తకం చదివేవారు: ఎవరి బియ్యం ఎంత, వంతు ఎంత వచ్చింది, ఎంత అమ్మారు, ఎంత తిన్నారు. డబ్బు దాచేవారు ఒకరు, చదివేవారు ఇంకొకరు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. తిన్నది కూడా రాయడం మొదట కొందరికి నామోషీగా ఉండేది, కానీ రాయకపోతేనే మాటలు పుడతాయి.

శ్రీరామనవమి పానకానికి పెద్ద కథ లేదు. కిలో బెల్లానికి ఆరు లీటర్ల నీళ్లు, 20 గ్రాముల మిరియాలు, 10 గ్రాముల యాలకులు. వడపప్పు రెండు గంటలే నానాలి, పందిట్లో ఎక్కువసేపు ఉంటే జిగటవుతుంది. వచ్చిన జనానికి పంచడమే, వంతు లేదు.

పాకల స్థానంలో సిమెంటు హాళ్లు వచ్చాయి. కారదు, కాలదు, మంచిదే. కానీ తాటాకు శబ్దాన్ని మింగుతుంది, సిమెంటు తిప్పికొడుతుంది. పద్యంలో సమాసాలు ఒకదాని మీద ఒకటి పడి మాట తెలియకుండా పోయింది, దాంతో మైకు, మైకుతో పాటు కూలి. గచ్చు పాడవుతుందని హాలు ముందు గాడిపొయ్యి తవ్వనివ్వలేదు. పిండి మరలో ఆడించడం తేలికైంది, రవ్వ మిగలడం మానేసింది. ఫ్లెక్సీ మీద అచ్చేసిన దర్బారు వచ్చాక గంజి అవసరమూ పోయింది. ఫ్లెక్సీ వెలుగుని పీల్చుకోదు, లైటు వేస్తే రాజుగారి వెనక తెల్లటి మరక మెరుస్తుంటుంది. అరిసెలు ఇప్పుడు డబ్బాల్లో ఆర్డరు మీద వస్తున్నాయి. బాగానే ఉంటాయి, ఆ మాట దాచక్కర్లేదు.

వీటన్నిటి తర్వాత కూడా చాలాకాలం నిలిచింది ఆవకాయ వంతు. దానికి పొయ్యి అక్కర్లేదు, నీడ చాలు. మళ్లీ ఎక్కడైనా మొదలుపెట్టాలనుకునేవారు దీంతోనే మొదలుపెట్టడం మేలు. అమ్మకానికైతే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, పెట్టిన తేదీ జాడీ మీద రాయాలి.

పుల్లటి, పీచున్న కాయ కావాలి, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడైతే మరీ మంచిది. టెంక ముదిరి ఉండాలి, కాయ చెట్టు మీంచి కోసిందై ఉండాలి. రాలిన కాయకి దెబ్బ తగిలిన చోట ముక్క మెత్తబడి జాడీ మొత్తాన్ని పాడుచేస్తుంది. ముందురోజు రాత్రి నీళ్లలో వేసి, పొద్దున్నే కడిగి, ఒక్కో కాయా తుడిచి ఆరబెట్టాలి. కత్తిపీట మీద కొట్టడం మగవాళ్ల పని, ఆ వారం వేషధారులకి అదే వ్యాయామం. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, జీడి తీసి, లోపలి పల్చటి పొర తుడిచేయాలి. 15 కిలోల కాయకి 10 కిలోల ముక్కలు వస్తాయి.

10 కిలోల ముక్కలకి 2 కిలోల ఆవపిండి, 2 కిలోల కారం, 2 కిలోలకి ఓ గుప్పెడు తక్కువ ఉప్పు, 100 గ్రాముల మెంతులు, 50 గ్రాముల పసుపు, 5 లీటర్ల పప్పునూనె, అంటే నువ్వులనూనె. రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచుకోవాలి, తడి ఉప్పు తూకంలో మోసం చేస్తుంది. తక్కువ పడితే మూడో నెలకి బూజు. ఆవాలు మరలో వేడెక్కితే చేదెక్కుతాయి, అందుకని రెండు వాయిల మధ్య ఆపి చల్లారనివ్వాలి, లేదా రోట్లో దంచుకోవాలి. పొడులన్నీ పొడిగానే ముందు కలుపుకుని, ముక్కల్ని నూనెలో ముంచి పిండిలో పొర్లించి జాడీలోకి దించాలి. ఇదంతా మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపే కావాలి. ఆ గాలితో చెమ్మ వస్తుంది, ఉప్పు నీరు కారుతుంది. మూడో రోజు తిరగకలిపి రుచి చూసి, నూనె ముక్కల మీద అంగుళం తేలేలా పోయాలి. తేలకపోతే మొహమాటపడకుండా ఇంకా పోయాలి, పైన గాలి తగిలిన ముక్కే మొదట పాడయ్యేది.

ఆ నూనె ఖర్చు పోగా మిగిలిన వంతు డబ్బు నేరుగా కప్పులోకి వెళ్లేది. వెదుర్లు మాత్రం కాలువలు కట్టేయక ముందే పడవ మీద తెప్పించి ఉంచాలి, నీళ్లు ఆగాక బండి మీద తెస్తే రెట్టింపు కూలి. తాటాకు కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి వారం పాటు అణచాలి. అణచని ఆకు ముడుచుకుని కప్పులో సందులు వదులుతుంది. మృగశిర చినుకులు పడేలోపు కప్పడం అయిపోవాలి.

పాక జాడీలు అటక మీద పెట్టేవారు, ఇళ్లకి వెళ్లాల్సిన జాడీలు వాటి పక్కనే రెండు మూడు రోజులు ఉండేవి. తారుమారు కాకుండా పాక వాటికి మూతికి కట్టే వాసెన గుడ్డ వేరుగా ఉండేది: చిరిగిపోయిన పాత తెర అంచున, రంగు అంటకుండా మిగిలిన గాడా గుడ్డ. వేడినీళ్లలో రెండుసార్లు ఉడికించి గంజి వదలగొట్టి, ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెట్టి కట్టాలి. గంజి మిగిలితే ఎలకలు కొరుకుతాయి.